బ్యాక్టీరియా పేరు చూసి నిశ్చింతగా ఉంటే ఎలా?

2011లో జర్మనీని వణికించిన ఈ.కొలై ఓ104:హెచ్4 అనే పేగు బ్యాక్టీరియా రకం సంగతి తెలిసిందే. 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా అందరూ భయపడింది ఓ157:హెచ్7 రకానికి. ప్రాణాలు తీసింది మాత్రం వేరొకటి. పేగు గోడకు గుంపుగా అతుక్కునే ఈ.కొలై ఒకటి, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్ మోసుకొచ్చిన షిగా టాక్సిన్ (ఒక విషం) జన్యువును అందుకుని మూత్రపిండాల మీద పడింది.

బ్యాక్టీరియాను జాతి పేరుతో కాక, అది మోస్తున్న జన్యువులతో అంచనా వేయాలి. కలరానే చూడండి. ఆ జబ్బు తెచ్చే టాక్సిన్ జన్యువులు ఒక ఫేజ్‌వని 1996లో వాల్డర్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. పేగులో నిలదొక్కుకోవడానికి బ్యాక్టీరియా పెంచుకున్న నూగుపోగులనే పట్టుకుని ఆ ఫేజ్ లోపలికి దూరుతుంది. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లాది మరో దారి. ఈ.కొలై నుంచే పుట్టిన ఆ బ్యాక్టీరియా, తన టాక్సిన్‌కు అడ్డుపడే పదార్థాన్ని తయారుచేసే జన్యువును పోగొట్టుకుని మరింత ప్రమాదకరంగా తయారైంది.

అన్నిటికన్నా కలవరపెట్టేది షిగా టాక్సిన్ బయటపడే తీరు. ఫేజ్ బ్యాక్టీరియా డీఎన్‌ఏలో నిద్రాణంగా ఉంటుంది. ఆ డీఎన్‌ఏ దెబ్బతినగానే ఫేజ్‌ను అణచిపెట్టే ప్రోటీన్ తెగిపోతుంది. ఫేజ్ మేల్కొని సంతానాన్ని పెంచుకుంటుంది, టాక్సిన్ కూడా దాంతోపాటే తయారవుతుంది. చివరికి కణం పగిలి రెండూ బయటపడతాయి. విషాన్ని వదిలిన బ్యాక్టీరియా తానూ చస్తుంది! డీఎన్‌ఏను దెబ్బతీసే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు సరిగ్గా ఈ మీటనే నొక్కగలవు. ఈ ఇన్ఫెక్షన్లలో యాంటీబయాటిక్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడేది అందుకే. విరేచనాలు అనగానే ఏదో ఒక యాంటీబయాటిక్ మింగేసే అలవాటును నేను తప్పుబట్టేదీ అందుకే.

బ్యాక్టీరియాను పెంచి జాతిని గుర్తించే కల్చర్ పరీక్ష చవక, రోజువారీ వైద్యానికి అది చాలు అంటారు కొందరు. ఒక్క రోగి విషయంలో చాలాసార్లు అది నిజమే. కానీ కొత్త కలయిక ఊరంతా పాకుతున్నప్పుడు జాతి పేరు ఒక్కటే చూసి కూర్చుంటే ఆలస్యం ప్రాణాల మీదికొస్తుంది.

2011లో ఆశ కలిగించిన విషయమూ ఒకటుంది. హాంబర్గ్ వైద్యులు, చైనాలోని జన్యు పరిశోధన సంస్థ బీజీఐ కలిసి ఆ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా అందరికీ ఇచ్చేశారు. పలు దేశాల శాస్త్రవేత్తలు రోజుల్లోనే దాన్ని విశ్లేషించారు. ప్రజల డబ్బుతో చదివిన ప్రతి జన్యుక్రమాన్నీ ఇలాగే వెంటనే బయటపెట్టాలి. పరిశోధన పత్రం అచ్చయ్యేదాకా దాచుకునే హక్కు ఏ ప్రయోగశాలకూ ఉండకూడదు.