సవరణ: మాంగనీస్-56 అర్ధాయువు నిమిషాలు కాదు, గంటలు

మన గరివిడి గనుల మాంగనీస్‌తో మొదలుపెట్టి, ఆ లోహం న్యూట్రాన్‌ను పట్టుకునే క్రాస్ సెక్షన్ (అలా పట్టుకునే అవకాశం ఎంతో చెప్పే కొలత) ఎలా కొలుస్తారో మొన్న రాశాను. న్యూట్రాన్‌ను పట్టుకున్న మాంగనీస్, రేడియోధార్మికత ఉన్న మాంగనీస్-56గా మారుతుంది. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే సమయం, 2.58 నిమిషాలని అందులో రాశాను. తప్పు. 2.58 గంటలు. చీపురుపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని లెక్క వేసి మరీ చెప్పింది. చాలా సంతోషం తల్లీ.

దీన్ని అచ్చుతప్పు అని వదిలేయలేను. న్యూట్రాన్లు తగిలిన మాంగనీస్ రేకును, దాని నుంచి వచ్చే కిరణాలను లెక్కించే డిటెక్టర్ ముందు పెట్టేసరికి అరగంట అయిందనుకోండి. ఆలోపు మాంగనీస్-56లో తరిగేది 13 శాతమే. నేను రాసిన అంకెతో చూస్తే మూడు వేల వంతుల్లో ఒక వంతే మిగిలినట్టు వస్తుంది, మొదట ఎంత తయారైందో దాన్నిబట్టి వెనక్కి లెక్కేస్తే క్రాస్ సెక్షన్ విపరీతంగా ఉబ్బిపోతుంది. థర్మల్ న్యూట్రాన్లకు (నెమ్మదిగా కదిలే న్యూట్రాన్లకు) అసలు విలువ సుమారు 13.3 బార్న్‌లు (బార్న్ అంటే క్రాస్ సెక్షన్‌ను కొలిచే ప్రమాణం).

మాంగనీస్-56 నుంచి వచ్చే గామా కిరణాలు డిటెక్టర్‌లో చూపించే 847 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరం గురించి అందులో రాసింది సరైనదే.