“ఒక్క శాతమే కద సార్!”

పోయిన వారం రాత్రి కరెంటు పోయి ఏమీ తోచక, ఆర్నెల్లకోసారి మెయిల్‌కి వచ్చే మ్యూచువల్ ఫండ్ల స్టేట్‌మెంట్ తెరిచాను. పాన్ నంబర్ కొడితే తెరుచుకునే పీడీఎఫ్ ఉంటుంది చూడండి, అదే. ఎప్పుడూ పైన మొత్తం ఎంతైందో చూసుకుని మూసేసేవాణ్ణి, ఈసారి కిందిదాకా వెళ్తే మార్కెట్లను నియంత్రించే సెబీ పుణ్యమా అని అక్కడో గడి ఉంది. ఈ ఆర్నెల్లలో నా డబ్బు మీద, ఫండ్ అమ్మిన డిస్ట్రిబ్యూటర్‌కి ముట్టిన కమిషన్ 6,400 చిల్లర. ఆర్నెల్లలో ఆయన నాకు చేసిన ఫోన్ ఒక్కటి, అదీ ఇంకో పాలసీ అంటగట్టడానికి.

ఎనిమిదేళ్ల కిందట కూకట్‌పల్లిలో మా బ్యాంకుకెళ్లి రిటైర్మెంట్‌కి ఏదైనా మొదలుపెడదామంటే, అక్కడి ఉద్యోగి కమిషన్ గురించి “ఏటా ఒక్క శాతమే కద సార్, అదీ మీ జేబులోంచి కాదు” అన్నాడు. మరి ఎవరి జేబులోంచి? అదే ఫండ్‌కి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ 2013 జనవరి నుంచే ఉందని మాత్రం నోరు విప్పలేదు.

నెలకు 10,000 చొప్పున 25 ఏళ్లు కడితే మనం పెట్టేది 30 లక్షలు. ఏటా 12 శాతం పెరిగితే సుమారు కోటీ 88 లక్షలవుతుంది, ఆ ఒక్క శాతం కమిషన్ కింద పోయి 11 శాతమైతే కోటీ 58 లక్షలు. తేడా 30 లక్షలు! పాతికేళ్లు కడుపు కట్టుకుని మనం కట్టేదంత. 12 వస్తుందని ఎవరూ రాసివ్వరు, ఊరికే లెక్కకి అన్నాను, కానీ నష్టమొచ్చిన ఏడాదైనా ఆ శాతం ఆగదు. కరెంటు బిల్లు 200 ఎక్కువొస్తే ఆఫీసుకెళ్లి గొడవపడే మనం దీన్ని పట్టించుకోం, ఎందుకంటే బిల్లే రాదు, రోజూ ఎన్‌ఏవీ (ఫండ్ యూనిట్ ధర) లెక్కలోనే కోసేస్తారు.

ఫీజే వద్దనడం లేదు. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు మా బావమరిది అంతా అమ్మేస్తానంటే వాళ్ల ఏజెంటు ఫోన్లో గంటసేపు బతిమాలి ఆపాడు, ఆయనకి ఆ శాతం ఇవ్వాల్సిందే. కానీ ఎన్‌పీఎస్‌లో (ప్రభుత్వ పెన్షన్ పథకం) ఫండ్ నడిపినందుకు తీసుకునేది శాతంలో పదో వంతు అటూ ఇటూ. పీఎఫ్‌లో జీతం మీద అర శాతం అడ్మిన్ ఛార్జీ కంపెనీయే కడుతుంది (కడుతుందంటారు గానీ చాలాచోట్ల దాన్నీ మన జీతం ప్యాకేజీలోనే కలిపేస్తారు, అది వేరే ఏడుపు).

పోనీ డైరెక్ట్‌కి మారదామంటే దాన్ని అమ్మకం కిందే లెక్కేస్తారు, షేర్ల ఫండ్‌లో ఏడాదికి పైగా ఉంచిన డబ్బుకి, ఒక ఏడాదిలో లక్షా పాతిక వేలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. అందుకే విడతలుగా మారుద్దామని నిన్న పొద్దున మొదటి రిక్వెస్ట్ పెట్టాను. గంటలో ఫోన్.

“సార్, మా సర్వీసులో ఏమైనా లోపమా?”

ఏ సర్వీసు బాబూ అంటే, అవతల చప్పుడు లేదు.