కర్ణుడి కవచానికి ఏఎంసీ ఉందా?

రైలింజన్లలో కవచ్ అనే పరికరం బిగిస్తున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ చూడకపోయినా, చూసి కూడా ముందుకు పోనిచ్చినా, ఆ పెట్టె ఊరుకోదు. తానే బ్రేకు వేస్తుంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే ఈమధ్య కొందరు ఆ పెట్టెకు సర్వీసింగ్ కూడా చెయ్యాలని, ఏఎంసీ, అంటే ఏటేటా నిర్వహణ ఒప్పందం, ఉండాలని అంటున్నారు. ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

పేరు చూడండి. కవచం. కర్ణుడు కవచంతోనే పుట్టాడు. ఆయన దాన్ని ఫలానా తేదీన షెడ్డుకు పంపాడని, నెలకోసారి విప్పి దుమ్ము దులిపించాడని పద్దెనిమిది పర్వాల్లో ఎక్కడైనా ఉందా? దాని జీవితకాలంలో జరిగిన ఒకే ఒక్క మెయింటెనెన్సు, ఇంద్రుడు ముసలి బ్రాహ్మడి వేషంలో వచ్చి కోయించుకుపోవడం. ఆ తర్వాత కర్ణుడు ఏమయ్యాడో అందరికీ తెలుసు. కవచం మీద చెయ్యి వేస్తే కీడేనని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పురాణాలు వద్దు, సైన్సు కావాలంటారా, అదీ ఉంది. 2022 మార్చి 4న వికారాబాద్ దారిలో గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య పరీక్ష జరిగింది. ఒకే లైను మీద రెండు ఇంజన్లు. ఒకదానిలో సాక్షాత్తు రైల్వే మంత్రి, రెండోదానిలో రైల్వే బోర్డు చైర్మన్. మంత్రిగారున్న ఇంజన్ ముందున్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కానీ పరీక్షను నిశితంగా పరిశీలిస్తే తేలేది ఏమిటి? ఇంజన్లో మంత్రి ఉన్నారు, ఇంజన్ ఆగింది. ఆ పొద్దున ఎవరో ఒక టెక్నీషియన్ ఇంజన్ కింద దూరి, పట్టాల మీది గుర్తులు చదివే రీడరు తుడిచే ఉంటాడు, కనెక్షన్లన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకునే ఉంటాడు. కానీ అతను ఏ ఫొటోలోనూ లేడు. ఫొటోలో లేనివాడిని కారణంగా ఒప్పుకోవడం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు.

కాబట్టి ప్రతి ఇంజన్లో ఒక మంత్రిని కూర్చోబెడితే సర్వీసింగ్ గొడవే ఉండదు. ఇది గాలిమాట కాదు, లెక్క వేశాను. దక్షిణ మధ్య రైల్వేలో తొలివిడతగా 1,465 కిలోమీటర్ల మేర లైనుకు, లోకల్ రైళ్లతో కలిపి 144 ఇంజన్లకు కవచ్ పెట్టారు. అంటే 144 మంది మంత్రులు కావాలి. రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గం లోక్‌సభ సభ్యుల్లో 15 శాతానికి మించకూడదు, 543కు 81 మంది. చాలరు. తెలంగాణ నుంచి ముఖ్యమంత్రితో కలిపి 18, ఆంధ్రప్రదేశ్ నుంచి 26 కలుపుకుంటే 125. ఇంకా 19 తక్కువ. దిగులుపడకండి, ఈ లైన్లు బీదర్ మీదుగా కూడా పోతాయి. కర్ణాటక నుంచి 34 మంది వస్తారు. మొత్తం 159. మిగిలిన 15 మందిని రెస్ట్‌గివర్లుగా, అంటే సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచేసేవాళ్లుగా, వాడుకోవచ్చు. రాత్రి డ్యూటీలకు కొంచెం ఇబ్బంది అవుతుందేమో గానీ, అసెంబ్లీలో కూర్చుని నిద్రపోయే అలవాటు ఉన్నవారిని పగటి గూడ్సులకు వేసి సర్దుకోవచ్చు.

ఇంత పకడ్బందీ పథకం ఉండగా సర్వీసింగ్ ఎందుకో తెలుసుకుందామని, ప్రత్యర్థుల వాదన కూడా వినాలన్న పెద్దమనసుతో, మా వీధిలో ఉండే ఒక సిగ్నల్ టెక్నీషియన్ వెంట ఒక షెడ్డుకు వెళ్లాను. ఏ షెడ్డో చెప్పను. అతని పేరు అసలే చెప్పను. ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉందతనికి.

ఇంజన్ పొట్ట కింద పొడవాటి గొయ్యి ఉంటుంది, పిట్ అంటారు. అందులోకి దిగి తల ఎత్తితే చక్రాలు, మోటార్లు, గొట్టాలు, వాటికి పట్టిన జిడ్డు మన మొహం మీదికి వేలాడుతూ ఉంటాయి. వాటి మధ్య కిందికి ముఖం పెట్టుకుని ఒక బల్లపరుపు పెట్టె. అదే రీడరు. పట్టాల మధ్య స్లీపర్ల మీద అక్కడక్కడా ట్యాగులు బిగించి ఉంటాయి. ట్యాగుకు బ్యాటరీ లేదు, వైరు లేదు. పైనుంచి రీడరు పోయే క్షణంలో దాని తరంగాలతోనే ప్రాణం తెచ్చుకుని, తానెక్కడున్నదీ చెప్పి, మళ్లీ పడుకుంటుంది. బండి 130 వేగంతో పోతుంటే సెకనుకు 36 మీటర్లు. ఆ కంటిరెప్ప పాటులో ఈ మాట వినాలి. మరి రీడరు మొహానికి అంగుళం మందం గ్రీజు, బ్రేకుల ఇనుప రజను, వానాకాలపు బురద పట్టి ఉంటే?

"అన్నా, తల వంచుకో, తాకుతది," అంటూ మావాడు పాత బనీను గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఇంజన్‌కు పెట్టిన పరికరాల ఖర్చు సుమారు 80 లక్షలని రైల్వేవాళ్లే చెప్పారు. దాన్ని బతికిస్తున్నది ఒక చిరిగిన బనీను. నాకు స్వదేశీ పరిజ్ఞానం మీద గౌరవం ఇంకా పెరిగింది.

రీడరు పట్టీకి ఒకవైపు సొట్ట ఉంది. ఏమైంది తమ్మీ అంటే, "బర్రె," అన్నాడు.

బర్రెకు కవచ్ లేదు. దానికి ట్యాగు తగిలించాలని ఎవరికీ తోచలేదు. మలి వెర్షన్‌లో ఆలోచిస్తారని ఆశిస్తున్నాను. 2024 జూలైలో 4.0 ఒప్పుకున్నారు. అందులోనూ బర్రె ఊసు లేదు.

తర్వాత పైకెక్కి క్యాబ్‌లో లాప్‌టాప్ తగిలించి లాగ్ చూశాడు. ఎక్కడ ఏ ట్యాగు అందింది, ఏది అందలేదు, ఎప్పుడు బ్రేకు పడింది, డ్రైవరు ఏ బటన్ నొక్కాడు, అన్నీ వరసగా ఉంటాయి. చిత్రగుప్తుడి చిట్టా. ఒకచోట ట్యాగు రెండు ట్రిప్పులుగా అందలేదని వచ్చింది. మావాడు ఫోన్ చేసి కనుక్కున్నాడు. లైనువాళ్లు స్లీపరు మార్చారట. పాత స్లీపరుతో పాటు ట్యాగు కూడా కట్ట పక్కన వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. స్లీపరు ఇంజినీరింగ్ వాళ్లది, దానిమీది ట్యాగు సిగ్నల్ వాళ్లది. స్లీపరు మార్చమన్నారు, మార్చారు. ట్యాగు సంగతి కాగితంలో లేదు.

ఈ చోట కాసేపు ఆగాలి. ఎందుకంటే కవచ్‌లో అసలు సాంకేతిక సమస్య ఇదే. పెట్టె ఉండేది ఇంజన్లో, ఇంజన్ ఎలక్ట్రికల్ వాళ్లది. పెట్టె మాట్లాడేది సిగ్నల్ గురించి, కాబట్టి సిగ్నల్ వాళ్లది. అది వేసే బ్రేకు షెడ్డువాళ్లది. అది అరిచేది డ్రైవరు మీద. ఇల్లరికపు అల్లుడిలా అందరింట్లోనూ భోంచేస్తుంది, జ్వరం వస్తే మాత్రం ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలో తేలదు. ఒక కనెక్టర్ వదులైతే బిగించడానికి ఒక నిమిషం, అది ఎవరి కనెక్టరో తేల్చడానికి జాయింట్ నోట్. జాయింట్ నోట్ అంటే మూడు డిపార్టుమెంట్ల సూపర్‌వైజర్లు ఒకే కాగితం మీద సంతకం పెట్టి, తప్పు ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదని తేల్చడం.

ఆ తర్వాత చక్రం. నన్ను నిజంగా కంగారుపెట్టింది ఇదొక్కటే, కాబట్టి వాదనలో దీన్ని దాచేద్దామనుకున్నాను. ఎలక్ట్రిక్ ఇంజన్ చక్రం కొత్తగా ఉన్నప్పుడు దాని వ్యాసం 1,092 మిల్లీమీటర్లు. అరిగి అరిగి, లేతు మీద టర్నింగ్ పట్టి పట్టి, 1,016కు వచ్చాక తీసేస్తారు. పెట్టె వేగం ఎంతో తెలుసుకునేది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి. చక్రం ఎంత పెద్దదో దానికి మనిషే చెప్పాలి. అరిగిన చక్రాలు తీసి కొత్తవి వేసి, కొలత మాత్రం పాతదే వదిలేశారనుకోండి. బండి వంద మీద పోతుంటే పెట్టె 93 అనుకుంటుంది. దాని తప్పేం లేదు, చెప్పింది నమ్మింది. ప్రపంచంలో ఎవరినీ నమ్మకుండా బ్రేకు వేసే యంత్రం, టేపు పట్టుకున్న ఒక మనిషిని మాత్రం గుడ్డిగా నమ్ముతుందన్నమాట.

"రాత్రి టర్నింగ్ చేసిన్రు, పొద్దున కొలత నాకు చెప్పలేదన్నా," అన్నాడు మావాడు, టేపు చేతిలో పట్టుకుని నాలుగో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని. ఎవరినీ నిందిస్తున్నట్టు లేదు. వాన పడిందన్నట్టు చెప్పాడు.

సరే, దీన్ని పక్కన పెడదాం. నా వాదనకు గట్టి ఆధారం సిల్-4. భద్రతలో అన్నిటికంటే పై తరగతి, కవచ్‌కు ఆ సర్టిఫికెట్ ఉంది. ప్రమాదకరమైన వైఫల్యం జరిగే అవకాశం గంటకు పది కోట్లలో ఒకటి కంటే తక్కువ ఉండాలని దాని నియమం. పది కోట్ల గంటలంటే 11,400 ఏళ్లు. శ్రీరామచంద్రుడు రాజ్యం చేసింది 11,000 ఏళ్లు. ఆయన కంటే నాలుగు వందల ఏళ్లు ఎక్కువ నమ్మదగిన యంత్రానికి బనీను గుడ్డ చూపించడం అపచారం కాదా అని అడిగాను.

మావాడు ఓపిగ్గా చెప్పాడు. అది చెడిపోతే ప్రమాదం చెయ్యదు, నిజమే. కానీ చెడిపోకుండా ఉంటానని ఎప్పుడూ అనలేదు. చెడిపోతే రైలు ఆగుతుంది. రైలు ఆగితే లేటు. లేటైతే కంట్రోల్ నుంచి ఫోన్, ఫోన్ తర్వాత టెన్షన్. టెన్షన్‌కు మందు ఒకటే, ఐసోలేట్ చెయ్యడం. మీట తిప్పితే పెట్టె పక్కకు తప్పుకుంటుంది, బండి మామూలు బండి అయిపోతుంది, డ్రైవరు మళ్లీ తన కళ్లను తానే నమ్ముకుంటాడు. గమ్యం చేరాక రిజిస్టరులో రాస్తాడు, షెడ్డులో చూస్తారు, రాత్రికి బండి మళ్లీ బయల్దేరాలి కాబట్టి ఎంత వీలైతే అంత చూస్తారు.

ఐసోలేషన్ గురించి విన్నాక నాకు జ్ఞానోదయం అయింది. సర్వీసింగ్‌కు ఇంతకంటే చవకైన ప్రత్యామ్నాయం ఏముంది? పనిచెయ్యని పరికరానికి కిలోమీటర్ల లెక్క తగ్గదు. పట్టాల పక్కన టవరు అలాగే ఉంటుంది, ఇంజన్ మీద యాంటెన్నా అలాగే ఉంటుంది, ప్రగతి నివేదికలో అంకె అలాగే ఉంటుంది. బిగించింది ఎంత అని పార్లమెంటులో అడుగుతారు, జవాబిస్తారు. నిన్న రాత్రి ఎన్ని పనిచేశాయని ఎవరూ అడగగా నేను వినలేదు.

అసలు పరికరమే లేకపోతే ఇంకా నయం. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు వెనకనుంచి వెళ్లి పలాస పాసింజరును గుద్దింది. 14 మంది పోయారు. అప్పటికి ఆ దారిలో కవచ్ లేదు. లేదు కాబట్టి దానికి సర్వీసింగ్ లోపం అన్న మాటే పుట్టలేదు. నేను చెప్పే సిద్ధాంతం అక్కడ నూటికి నూరుపాళ్లు అమలైంది.

ఇదంతా విని మావాడు ఏమీ అనలేదు. తెలుగులో దీన్ని ఒప్పుకోవడం అంటారు.

ఇక నా సిఫార్సు. సర్వీసింగ్ పూర్తిగా మానుకోలేమంటే, దాన్ని కనీసం మర్యాదగల పనిగా మార్చండి. ఇప్పుడున్న పద్ధతిలో దానికి రిబ్బన్ లేదు, శిలాఫలకం లేదు. దసరాకు ఆయుధపూజ నాడు ఇంజన్‌కు పూలదండ వేస్తారు, గుమ్మడికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. రీడరుకు బొట్టు పెట్టినవాడిని నేను చూడలేదు. కింద ఉంటుంది కదా, ఎవరు దూరతారు. కనెక్టర్ బిగిస్తే ప్రారంభోత్సవం పెట్టండి. ట్యాగు మళ్లీ అతికిస్తే ఫ్లెక్సీ కట్టండి. చక్రం కొలత పెట్టెలో సరిగ్గా ఎక్కించినవాడికి శాలువా కప్పండి, పక్కనే చక్రం కూడా ఫొటోలో పడేటట్టు. కవచ్ పుట్టింది మన చుట్టుపక్కలే. మొదట సరఫరాకు ఒప్పుకున్న మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే. పరీక్షలు లింగంపల్లి, వికారాబాద్ దారిలో జరిగాయి. సిగ్నల్ వాళ్లకు పాఠాలు చెప్పే ఇరిసెట్ 1957 నుంచి తార్నాక దగ్గరే ఉంది. సొంతూరి బిడ్డకు ఫ్లెక్సీ కట్టించడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ సిఫార్సులు రాసుకుంటూ ఉండగా మావాడు చివరి చక్రం కొలిచి, నాలుగు అంకెలు నొక్కి, తెర మీద వచ్చినవి పైకి చదివి, మళ్లీ టేపు వంక చూసి, మళ్లీ తెర వంక చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాడు. రిమార్కుల గడిలో గీత గీశాడు. ఇంకో ఇంజన్ ఉందట, దాని రేడియో సరిగ్గా పలకడం లేదట. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటుంటే సూపర్‌వైజరు గుమ్మంలోంచి కేకేశాడు.

"ఆ రెండోది తర్వాత చూద్దువు గానీ, రేపు పెద్దసారు ఇన్‌స్పెక్షన్ ఉంది. ఆ పిట్ అంచులకు సున్నం కొట్టు ముందు."

మావాడు నా వైపు చూసి, సంచి నా చేతికిచ్చి, బకెట్ వెతకడానికి వెళ్లాడు.