ల్యాప్‌టాప్ వైఫై కార్డు గురించి కొంచెం కోపంగా

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏదని అడుగుతాం, ర్యామ్ ఎంతని అడుగుతాం, ఎస్‌ఎస్‌డీ సైజు అడుగుతాం. వైఫై సిగ్నల్‌ను అందుకునే ఆ చిన్న కార్డు, అదే వైఫై కార్డు, ఏది పెట్టారని అడిగినవాళ్లను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. ఎక్కడైనా నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలంటే ముందు వాళ్ల చెయ్యి పడేది దాని మీదే. డబ్బా మీద 'డ్యూయల్ బ్యాండ్ వైఫై' అని రాస్తే చాలు, ఇంకో ప్రశ్న ఎవరూ వెయ్యరు.

తర్వాత అనుభవించేది మనం. వీడియో కాల్ మధ్యలో అవతలి మనిషి నోరు తెరిచి బొమ్మలా ఆగిపోతాడు. రౌటర్‌ను తిడతాం, నెట్ ఇచ్చేవాళ్లను తిడతాం, ఇంకా పెద్ద ప్లాన్‌కు మారతాం. అదే టేబుల్ మీదున్న ఫోన్‌లో మాత్రం అంతా సాఫీగా నడుస్తుంటుంది. అక్కడే మనకు అనుమానం రావాలి.

లెక్క చూడండి. పాత వైఫై 5లో, 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పు మీద ఒక్క యాంటెన్నాతో పనిచేసే కార్డు గరిష్ఠ లింక్ వేగం, అంటే రౌటర్‌తో మాట్లాడుకునే వేగం, 433 ఎంబీపీఎస్. రెండు యాంటెన్నాలుంటే 867. వైఫై 6లో రెండు యాంటెన్నాలతో, 160 మెగాహెర్ట్జ్ మీద అది 2402 దాకా వెళ్తుంది. ఇవన్నీ కాగితం మీద అంకెలు, చేతికొచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూ. అయినా ఆ సగానికీ ఈ సగానికీ ఎంత తేడా ఉందో చూడండి! విండోస్ వాడేవాళ్లు డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ల కింద చూసినా చాలు, మీ కార్డు పేరు కనిపిస్తుంది. ఆ పేరును నెట్‌లో వెతికితే దాని జాతకం మొత్తం బయటపడుతుంది.

నాకు మండేది ఎక్కడంటే, ల్యాప్‌టాప్‌లో మార్చడానికి ఇంతకన్నా తేలికైన భాగం ఇంకోటి లేదు. దాని సైజును ఎం.2 2230 అంటారు, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు, పెద్ద తపాలా బిళ్లంత. ఒక స్క్రూ, రెండు సన్నని యాంటెన్నా వైర్లు. పవర్ తీసేసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, వైర్లను పక్కకు లాగకుండా నిటారుగా పైకెత్తితే వచ్చేస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. ఆ బుల్లి కనెక్టర్లు 30 సార్లు పెట్టి తీయడానికే తయారుచేసినవి. సరిగ్గా కూర్చోకముందే గట్టిగా నొక్కితే వంగిపోతాయి. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పైగా చాలావాటిలో బ్లూటూత్ కూడా ఆ కార్డులోనే ఉంటుంది కాబట్టి అదీ కొత్తదవుతుంది.

ఇంత తేలికైన పనికి అడ్డంగా ఎన్ని గోడలు కట్టారో!

మొదటిది పేర్ల గందరగోళం. ఇంటెల్ కార్డుల పేర్లే చూడండి: ఏఎక్స్200, ఏఎక్స్201. ఏఎక్స్210, ఏఎక్స్211. చూస్తే ఒక్క అంకె తేడా. కానీ 201, 211లలో కార్డు చేయాల్సిన పని కొంత ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లోకి మార్చేశారు, సీఎన్‌వీఐ అంటారు. కాబట్టి అవి దానికి సరిపడే ఇంటెల్ మెషీన్లలోనే పనిచేస్తాయి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెడితే స్లాట్‌లో బుద్ధిగా కూర్చుంటుంది, మెషీన్‌కు మాత్రం కనపడదు. 200, 210 మాత్రం పని మొత్తం తామే చేసుకునే మామూలు పీసీఐఈ కార్డులు, ఇంటెల్, ఏఎండీ రెండింట్లోనూ నడుస్తాయి. ఒకే సైజు, ఒకే స్లాట్, ఒకేలాంటి పేరు పెట్టి, కొనేవాడే తేల్చుకోవాలంటే ఎలా?

రెండోది బయోస్ తాళం, అంటే మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లో పెట్టిన అడ్డు. పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో కంపెనీ జాబితాలో లేని కార్డు పెడితే 1802 అనే ఎర్రర్ చూపించి, దాన్ని తీసేస్తే తప్ప ముందుకు కదిలేది కాదు. రేడియో అనుమతులు కార్డుకూ యాంటెన్నాకూ కలిపి ఇస్తారని, అందుకే తాళమని వాదించేవాళ్లున్నారు. సరే, మరి తర్వాత వచ్చిన మోడళ్లలో చాలావాటికి ఆ తాళం ఎందుకు లేదు? నిబంధనలేమీ ఆవిరైపోలేదు కదా.

మూడోది అన్నిటికన్నా అన్యాయం. కార్డును ఏకంగా మదర్‌బోర్డు మీద టంకం పెట్టి అతికించేయడం. సన్నగా ఉండాలట! ఒక మిల్లీమీటర్ కోసం మొత్తం మెషీన్ ఆయుష్షును ఆ ఒక్క చిప్‌కు కట్టేశారు. వైఫై కొత్త తరం వచ్చినా, ఆ చిప్పే పోయినా, మిగిలేది యూఎస్‌బీ పోర్టులో గుచ్చుకునే వైఫై డాంగిల్. డాంగిల్ పెట్టుకోవచ్చుగా అనేవాళ్లకు ఒక మాట: అది ఒక పోర్టు తినేస్తుంది, బ్యాగులో పెట్టేటప్పుడు తగిలి వంగుతుంది, చిన్నది కొంటే అందులోని యాంటెన్నా కూడా చిన్నదే. స్క్రీన్ చుట్టూ పోయిన యాంటెన్నాలతో దానికి పోటీ ఏంటి?

ఇక ఒకే వైర్ వేసిన మోడళ్ల సంగతి. స్లాట్ ఉంటుంది, తాళం ఉండదు, ఆశగా మూత తీస్తాం. రెండో వైర్ అసలు ఉండదు. కొత్త కార్డు కొన్నా సగం వేగమే. స్క్రీన్ విప్పి ఇంకో యాంటెన్నా వేయడం అందరివల్లా అయ్యే పని కాదు. ఒక వైరు దగ్గర మిగుల్చుకున్నారండీ, ఒక్క వైరు దగ్గర!

కార్డు మార్చగానే అద్భుతం జరుగుతుందని నేను చెప్పట్లేదు. రౌటర్ పాతదైతే వైఫై 6 కార్డు కూడా పాత వేగంతోనే మాట్లాడుతుంది. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలంటే దానికి తగ్గ రౌటర్ ఉండాలి, ఏఎక్స్210తో అయితే విండోస్ 11 ఉండాలి, మీ దేశంలో ఆ బ్యాండ్‌కు అనుమతీ ఉండాలి. ఇవన్నీ చూసుకునే కొనాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. స్పెసిఫికేషన్ పేజీలో మూడు ముక్కలు రాయండి: కార్డు పేరు, యాంటెన్నాలు ఎన్ని, ఊడొస్తుందా రాదా. కీబోర్డు కింద వెలిగే రంగుల గురించి అరపేజీ వర్ణించేవాళ్లకు దీనికే చోటు దొరకట్లేదా?