సవరణ: చుండ్రుకి కొబ్బరినూనె అన్నాను కదా, అక్కడ పొరబడ్డాను

మొన్న నేను "కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ అనే కొవ్వు ఆమ్లమే, అది ఫంగస్‌ని చంపుతుంది, కాబట్టి చుండ్రుంటే తలకి బాగా పట్టించండి" అని రాశాను. మొదటి ముక్క నిజమే, చివరిదే తప్పు. లారిక్ విడిగా ఉంటేనే ఫంగస్ మీద పనిచేస్తుంది, నూనెలోనేమో అలాంటి ఆమ్లాలు మూడేసి కలిసి గ్లిజరాల్ అనే ఒక చిన్న అణువుకి అతుక్కుని ఉంటాయి. పైగా చుండ్రు వెనకుండే మలసీజియా అనే ఫంగస్ సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకోలేదు, మన తలమీది నూనెనే విడగొట్టుకుని తింటుంది. అంటే నేను దానికి భోజనం వడ్డించమన్నట్టు!

"కొవ్వు ఆమ్లంలో కార్బన్ల గొలుసు ఎంత పొడవైతే ఫంగస్ మీద అంత ఘాటు" అన్నదీ వెనక్కి తీసుకుంటున్నా. కాండిడా అనే మరో ఫంగస్ మీద చేసిన పరీక్షల్లో 10, 12 కార్బన్లవే గట్టిగా పనిచేశాయి. మరీ పొట్టివి ఫంగస్ పొరలోకి సరిగా దూరవు, 18 కార్బన్ల స్టియరిక్ లాంటివి నీళ్లలో కరగనే కరగవు.

కాలి వేళ్ల మధ్య వచ్చే ఫంగస్‌కి వాడే అన్‌డిసిలెనిక్ ఆమ్లానికి 11 కార్బన్లు, చివర్న ఒక డబుల్ బాండ్. దాన్ని తీసేది ఆముదం నుంచే, కానీ బాగా వేడి చేసి అణువుని విరగ్గొట్టాక. అందుకని ఇప్పుడు ఆముదం సీసా పట్టుకుని కూర్చోకండి.