శాశ్వత నివాసి జమాఖర్చులు

నేను కెనడాకు శాశ్వత నివాసిని. ఈ వాక్యాన్ని కెనడా బయట కూర్చుని రాస్తున్నాను. ఇందులో వైరుధ్యమేదీ లేదని అక్కడి చట్టం కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే ఐదేళ్లలో మూడేళ్లకు మించి ఒప్పుకోదు. ప్రతి ఐదేళ్ల కాలంలోనూ కనీసం 730 రోజులు దేశంలో ఉండి తీరాలన్నది 2002 నుంచి అమలులో ఉన్న వలస చట్టం 28వ సెక్షన్ విధించిన షరతు. నా భార్య, ఇద్దరు పిల్లలు, ఇల్లు, ఇంటి అప్పు, పిల్లల పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్లు అన్నీ అక్కడే ఉన్నాయి. లేనివాణ్ని నేనొక్కణ్నే. అందుచేత శాశ్వత నివాసాన్ని దూరవిద్యగా అభ్యసిస్తున్న నా బోటివారి తరఫున నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ఈ పద్ధతికి నేను ఆద్యుణ్ని కాను. 1980లలోనూ 90లలోనూ హాంకాంగ్ నుంచి కెనడాకో ఆస్ట్రేలియాకో వలస వెళ్లిన కుటుంబాల్లో ఎందరో తండ్రులు భార్యాబిడ్డలను అక్కడ దింపి, సంపాదన కోసం తిరుగు విమానం ఎక్కారు. వాళ్లను హాంకాంగ్ జనం వ్యోమగాములని పిలిచారు. సగం జీవితం ఆకాశంలోనే గడుస్తుంది కాబట్టి పేరు న్యాయమైనదే. పైగా కాంటనీస్ భాషలో ఆ మాటలో ఇల్లాలు పక్కన లేని మనిషి అనే శ్లేష కూడా పలుకుతుంది. మాకింకా అంత మంచి పేరు పెట్టినవారు లేరు. బంధువులు ‘అటూ ఇటూ తిరుగుతుంటాడు’ అని సరిపెడుతున్నారు.

ఇక లెక్కకు వస్తాను. నా యాజమాన్యం ఏడాదికి 30 రోజుల సెలవు ఇస్తుంది. అందులో ఒక్క పూట కూడా వృథా చేయకుండా ఇంట్లోనే గడిపితే ఐదేళ్లకు 150 రోజులు పోగవుతాయి. కావలసినవి 730. తక్కువ పడిన 580 రోజులను, మొదట్లో మేమందరం కలిసి ఉన్న కాలం నుంచి తెచ్చి పూడ్చుకుంటున్నాను. అయితే ఈ ఐదేళ్లనేవి ఒకచోట నిలిచి ఉండేవి కావు. రోజుకొక అడుగు చొప్పున ముందుకు జరుగుతుంటాయి. ఇటువైపు నుంచి ఈరోజు వచ్చి చేరితే, అటువైపు నుంచి ఐదేళ్ల కిందటి రోజొకటి రాలిపోతుంది. చెప్పుల అట్టపెట్టెలో దాచిన బోర్డింగ్ పాసులను ముందు వేసుకుని నేను తయారుచేసుకున్న ఎక్సెల్ పట్టికలో, దేశంలో ఉన్న రోజులు ఆకుపచ్చగానూ లేని రోజులు ఎర్రగానూ ఉంటాయి. పోయిన మంగళవారం ఒక ఆకుపచ్చ గడి జారిపోయింది. మా అబ్బాయి సైకిలుకు ఉన్న చిన్న చక్రాలు ఊడదీయించుకుని, వెనక సీటు నేను పట్టుకునే ఉన్నానన్న నమ్మకంతో వీధి చివరిదాకా తొక్కిన రోజది. చట్టం దృష్టిలో దానికి కాలదోషం పట్టింది.

ఈ శాస్త్రంలో అన్నిటికన్నా లోతైన అధ్యాయం భార్యకు సంబంధించినది. కెనడా చట్టం ప్రకారం, భార్య ఆ దేశ పౌరురాలై ఉండి, ఆమె వెంట భర్త విదేశంలో ఉంటే, ఆ రోజులన్నీ స్వదేశంలో ఉన్నట్టే అతని ఖాతాలో జమ అవుతాయి. అదే పౌరురాలు పిల్లల చదువులు చెడకూడదని కెనడాలోనే ఉండిపోతే, దూరాన ఉన్న భర్తకు ఒక్క రోజు కూడా జమ కాదు. అంటే ఇంటికి తాళం వేసి, పిల్లల పేర్లు బడిలోంచి తీయించి, సంసారం మొత్తం దేశం విడిచి వచ్చేస్తే నేను నివాసిని. సంసారమంతా అక్కడే వేళ్లూనుకుంటే అనుమానితుణ్ని. కెనడా కంపెనీ ఏదైనా తన పూర్తికాలపు పని మీద నన్ను బయటికి పంపి ఉంటే, అప్పుడూ రోజులు కలిసివచ్చేవి. కంపెనీ కోసం పిల్లలకు దూరమైతే అది నివాసం, పిల్లల కోసం పిల్లలకు దూరమైతే గైర్హాజరు. మానవతా దృష్టితో, పిల్లల మేలును గమనించి మినహాయించవచ్చునని కూడా అదే సెక్షన్ అంటుంది గాని, అది రోజులు చాలనివాడు చేతులు కట్టుకుని అడిగి పుచ్చుకోవలసిన దయ.

సరిహద్దు దాటి అమెరికా వైపు వెళ్తే ఇదే ఇల్లాలు వేరే పాత్ర ధరిస్తుంది. అక్కడ రోజుల సంఖ్య కన్నా మనసులోని ఉద్దేశానికి విలువ ఎక్కువ కనుక, గ్రీన్ కార్డుదారు చాలాకాలం బయట గడిపి తిరిగొస్తే, ఇల్లు ఎక్కడ, పన్ను ఎక్కడ కడుతున్నావు, కుటుంబం ఎక్కడ అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. భార్యాపిల్లలు అమెరికాలోనే ఉన్నారంటే మంచి సాక్ష్యం. వెంటబెట్టుకుని వెళ్లానంటే అంత మంచిది కాదు. కాబట్టి ఇల్లాలు ఉత్తరాన వెంట నడవాలి, దక్షిణాన వెనక నిలవాలి. ఈ సూక్ష్మాన్ని మా ఆవిడకు వివరించినప్పుడు, “అయితే నన్ను మనిషిగా లెక్కేసుకున్నారా, కాగితంగానా?” అని అడిగింది. ఏ ఫారంలోనూ దానికి గడి కనిపించలేదు.

అమెరికా విషయంలో మరొక ముచ్చట కూడా చెప్పుకోవాలి. మెక్సికోలోనో కెనడాలోనో కాపురం ఉంటూ, రోజూ సరిహద్దు దాటి అమెరికాలో పని చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే గ్రీన్ కార్డుదారులను తిరిగి వస్తున్న నివాసులుగానే చూడవచ్చునని 1974లో అక్కడి సుప్రీంకోర్టు సమ్మతించింది. కాపురం బయట, పని లోపల ఉన్నవాడు నివాసే. పని బయట, కాపురం లోపల ఉన్నవాడు మాత్రం ఏడాది దాటితే కార్డు ఒక్కటే చూపించి లోపలికి రాలేడు. బయలుదేరక ముందే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి లోపలికి రావడానికి అనుమతి పత్రం, అడిగి పెట్టుకోవాలి. అది రెండేళ్లకు మించి ఇవ్వరు, దాని కోసం దరఖాస్తు పెట్టేనాటికి దేశంలోనే ఉండాలి. వెళ్లడానికి అనుమతి అడగాలంటే ముందు రావాలన్నమాట.

మిగతా దేశాల మీద ఎక్కువసేపు నిలవను. జర్మనీలో స్థిరనివాస అనుమతి మామూలుగా ఆరు నెలలు బయట ఉంటే రద్దవుతుంది. బ్రిటన్ సాధారణంగా రెండేళ్ల దాకా ఓపిక పడుతుంది. ఆస్ట్రేలియాది తాత్విక ధోరణి: గడప లోపల ఉన్నంతకాలం హోదా నిజంగానే శాశ్వతం, గడప దాటి తిరిగి రావడానికి మాత్రం ఐదేళ్ల గడువు. వీటన్నిటిలోకీ నా మనసు దోచినది యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 జనవరిలో ఇచ్చిన తీర్పు. దీర్ఘకాల నివాసి హోదా వరుసగా 12 నెలలు యూనియన్ బయట ఉంటే పోతుంది కదా, మధ్యలో కొద్ది రోజులు వచ్చి వెళ్తే చాలదా అని ఒకరు అడిగితే, చాలునని తేల్చింది. ఆ తీర్పు చదివిన రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెప్పలేను, అది నాకు వర్తించకపోయినా.

విమర్శించి ఊరుకుంటే బాధ్యతారాహిత్యం అవుతుంది కనుక ఒక ప్రతిపాదన చేస్తున్నాను. నేను నెలనెలా పంపే డబ్బు ఏడాదికి 365 రోజులూ కెనడాలోనే నివసిస్తుంది. అక్కడే అద్దాలు తుడిపిస్తుంది, మంచు ఎత్తిస్తుంది, బడి బస్సు రుసుము కడుతుంది, ఒక్క రోజు కూడా సెలవు పెట్టి దేశం దాటదు. ప్రవర్తన ఇంత మచ్చలేనిది కనుక ముందు దానికి శాశ్వత నివాసం ఇచ్చి, దాని మీద ఆధారపడిన కుటుంబ సభ్యుడిగా నన్ను స్పాన్సర్ చేసే వీలు కల్పించాలి. అది కుదరదంటే వీడియో కాల్‌లో హోంవర్క్ చేయించిన గంటలు ఇరవై నాలుగైనప్పుడల్లా ఒక రోజు జమ వేసినా సంతోషిస్తాను. భిన్నాల పాఠానికే నాకు రెండు రోజులు రావలసి ఉంది.

ఈలోగా ఉన్న నిబంధనల్లోనే మర్మాలు వెతుక్కోవాలి. కెనడా లెక్కలో, రోజులో కొంత భాగం దేశంలో ఉన్నా అది పూర్తి రోజే. పోయినసారి నా విమానం రాత్రి 11:31కి నేల తాకింది. తర్వాతి విమానం టికెట్ తక్కువకే వచ్చేది, కానీ అది అర్ధరాత్రి దాటాక దిగుతుంది. తలుపు తెరిచీ తెరవగానే, పసిబిడ్డలున్న తల్లులకు కూడా క్షమాపణలు చెప్పుకుంటూ వాళ్లను దాటుకుని, పొడవాటి వసారా అంతా పరుగెత్తి, ప్రవేశం నమోదు చేసే యంత్రం ముందు నిలబడ్డాను. అది ఒక చీటీ ఇచ్చింది. అధికారి చేతికి ఇచ్చే ముందు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆ తర్వాత మిగిలిన ఎనిమిది నిమిషాలూ సామాను బెల్టు పక్కన నిలబడి కెనడాలో నివసించాను.

ఇల్లు చేరేసరికి ఒకటిన్నర దాటింది. అందరూ నిద్రలో ఉన్నారు. పొద్దున మా అమ్మాయి కళ్లు నులుముకుంటూ వచ్చి, “నాన్నా, ఎప్పుడొచ్చావు?” అంది.

“నిన్న” అన్నాను.

“కాదు. నిన్న నేను పడుకునేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను. నువ్వు రాలేదు.”

ఫోను తీసి చీటీ ఫొటో చూపించాను. 11:52 అని స్పష్టంగానే ఉంది.