అద్దంలో మన ముఖం సైజెంత?

"బొమ్మని బొమ్మలా చూడండి సార్, మధ్యలో సైన్స్ ఎందుకు" అని, అద్దాలున్న పెయింటింగుల గురించి నేను మాట్లాడేటప్పుడు ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సరే, సైన్స్ వద్దు. స్నానం చేశాక ఆవిరి పట్టిన అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసుకుని, అందులో కనబడే మీ ముఖం చుట్టూ వేలితో గీత గీసి కొలవండి. అసలు ముఖంలో సరిగ్గా సగం ఉంటుంది. చెయ్యి అందినంత మేర వెనక్కి జరిగి మళ్లీ గీసినా సగమే. మనం అద్దానికి ఎంత ఇవతల ఉంటే ప్రతిబింబం అంత అవతల ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి అద్దం ఎప్పుడూ నట్టనడుమ పడుతుంది, లెక్క అంతే. నేను నమ్మక స్కేలు తెచ్చుకుని కొలిచాను. రోజూ చూసుకునే ముఖమే, ఇన్నేళ్లూ దాని సైజు తెలీదు!

17వ శతాబ్దంలో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన వీనస్ (రోమన్ల ప్రేమదేవత) బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆమె మనకి వీపు చూపిస్తూ పడుకుని ఉంటుంది, ఎదురుగా ఆమె కొడుకు క్యూపిడ్ అద్దం పట్టుకుంటాడు, అందులో ఆమె ముఖం. ఏం చేస్తోందంటే చాలామంది తన అందం చూసుకుంటోంది అంటారు. కాదండీ! ఆ ముఖం మనకి కనబడుతోందంటే అదే చోట ఆమెకి కనబడేది మనం. వెలుతురు వచ్చిన దారినే వెనక్కీ పోతుంది మరి. మనం పడే ఈ పొరపాటుకి సైకాలజిస్టులు 'వీనస్ ఎఫెక్ట్' అని పేరు కూడా పెట్టారు. పైగా అద్దంలో ఆ ముఖం ఉండాల్సినదానికంటే పెద్దది. తెలీక వేశాడంటే నేనొప్పుకోను, కొలత ప్రకారం వేసుంటే మన కన్నే అదేంటి ఇంత చిన్నగా ఉందని గొణిగేది.

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్వార్డ్ మానే సంగతి ఇంకా అన్యాయం. 1882లో ఆయన వేసిన బార్ బొమ్మలో అమ్మాయి నడిమధ్య నిలబడి ఉంటుంది, వెనక అద్దంలో ఆమె ప్రతిబింబం మాత్రం కుడివైపుకి జరిగిపోయి, ఎదుట ఎక్కడా లేని ఒక పెద్దమనిషితో మాట్లాడుతూ కనబడుతుంది. అద్దం వెయ్యడం రాదని అప్పట్లో వెక్కిరించారు. వందేళ్లు దాటాక ఒక పరిశోధకుడు అలాంటి ఏర్పాటే చేసి ఫొటో తీస్తే, కుడిపక్క నుంచి ఏటవాలుగా చూసేవాళ్లకి చాలావరకు అలాగే కనబడుతుందని తేలింది. సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తున్నామని మనకి ఎవరు చెప్పారు? మనమే అనుకున్నాం.

సినిమాల్లోనూ ఇదే మాయ. హీరోయిన్ అద్దంలో చూసుకుంటూ కన్నీళ్లు పెట్టుకుంటుంది, మనకి ముఖం కనబడే ఆ చోట ఆమెకి కనబడేది కెమెరా. ఈ మాట ప్రతి సీనుకీ చెప్తున్నానని మా ఇంట్లోవాళ్లు నాతో కలిసి సినిమా చూడటం మానేశారు.